థర్మోకోల్ గోడ, గోదావరి ఒడ్డు

ఖమ్మంలో థర్మోకోల్ తొడిగిన గోడలు కొత్తేమీ కాదు. తేజా మిర్చికి ధర నచ్చని రైతు బస్తాలు దాచుకునే కోల్డ్ స్టోరేజీలన్నిటి కిటుకూ అదే. పాతవాటిలో ఇటుక గోడకి లోపలివైపు థర్మోకోల్ పలకలు అతికిస్తారు, కొత్తవాటిలో రెండు రేకుల మధ్య నురగ నింపిన ప్యానెళ్లు నిలబెడతారు. బయట 44 డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల మిరపకాయ రంగు చెడకుండా నెలల తరబడి ఉంటుంది. ఆ బస్తాలు మోసిన హమాలీ మాత్రం సాయంత్రం ఇంటికెళ్లి, పగలంతా కాగిన స్లాబు కింద ఫ్యాన్ వేసుకుని పడుకుంటాడు. మిరపకాయకి దొరికిన గోడ మనిషికి ఎందుకు దొరకకూడదు?

ఆ ప్రశ్నకి కెనడా, అమెరికా, ఐరోపా ఇళ్ల నిర్మాణంలో అరవై ఏళ్లుగా ఒక జవాబు ఉంది. దాని పేరు ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫారమ్స్, పొట్టిగా ఐసీఎఫ్. మన మేస్త్రి భాషలో చెప్పాలంటే, విప్పాల్సిన పని లేని సెంట్రింగ్. రెండున్నర అంగుళాల మందం థర్మోకోల్ పలకలు రెండు, వాటి మధ్య ఆరంగుళాల ఖాళీ, ఆ రెండిటినీ విడిపోకుండా పట్టుకునే ప్లాస్టిక్ బద్దీలు. ఈ దిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి గాడిలో కూర్చోబెట్టుకుంటూ పోతే గోడ ఎత్తు లేస్తుంది. మధ్య ఖాళీలో ఇనుప చువ్వలు నిలువుగా, అడ్డంగా పెట్టి పైనుంచి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక చెక్కలు ఊడదీసినట్టు దేన్నీ ఊడదీయరు. థర్మోకోల్ రెండువైపులా అలాగే ఉండిపోయి, వేడి చొరబడకుండా కాస్తుంది.

ఈ ఆలోచనకి పూర్వరూపం స్విట్జర్లాండ్‌లో పుట్టింది. చెక్కపొట్టునీ సిమెంటునీ కలిపి బోలు దిమ్మెలు చేసి, వాటి కడుపులో కాంక్రీటు నింపేవారు. రెండో ప్రపంచ యుద్ధం కూల్చిన ఐరోపాని తిరిగి కట్టేటప్పుడు డ్యూరిసోల్ పేరుతో ఇవి బాగా వాడకంలోకి వచ్చాయి. 1950ల మొదట్లో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ థర్మోకోల్‌ని తయారుచేశాక చెక్కపొట్టు స్థానంలోకి నురగ వచ్చింది. వెర్నర్ గ్రెగోరి అనే కెనడా కాంట్రాక్టర్ 1966లో నురగ ఫారానికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. ఆయన దిమ్మె 16 అంగుళాల ఎత్తు, 48 అంగుళాల పొడవు. నేటికీ చాలా కంపెనీల దిమ్మెలు ఆ కొలతకి దగ్గరగానే ఉంటాయి. అయినా అమెరికాలో కొత్తగా కట్టే పది ఇళ్లలో తొమ్మిది చెక్క చట్రం ఇళ్లే. డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న ఖమ్మం కుర్రాడు గోడ మీద తడితే డొల్లగా మోగేది అందుకే. ఐసీఎఫ్ అక్కడ కూడా కాస్త ఖర్చు పెట్టగలిగి, తుపానులకి భయపడేవాళ్ల ఎంపిక.

భయపడటానికి కారణం ఉంది. 2005లో కత్రినా తుపాను మిసిసిపీ తీరంలోని పాస్ క్రిస్టియన్ పట్టణాన్ని ఊడ్చేసినప్పుడు, ఇరుగుపొరుగు ఇళ్లు పునాదులే మిగిలిన చోట, ఇంకా పూర్తికాని ఒక ఐసీఎఫ్ ఇల్లు నిలబడింది. ఆ తర్వాత ఈ పద్ధతి గురించి రాసిన ప్రతివాళ్లూ ఆ ఇంటిని చూపిస్తూనే ఉన్నారు. టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో గంటకి వంద మైళ్ల వేగంతో చెక్క బద్దలు విసిరి చూసినా కాంక్రీటు గోడని అవి దాటలేదు. ఆ ఘనత కాంక్రీటుదీ, ఇనుముదీ. థర్మోకోల్‌కి అందులో వాటా లేదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు బలాన్నీ చల్లదనాన్నీ ఒకే మూటగా కట్టి చూపిస్తారు. కొనేవాడికి ఆ రెండూ విడివిడిగా, అంతకంటే చవగ్గా దొరకొచ్చు.

ముందు చల్లదనం లెక్క చూద్దాం. లోపలా బయటా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గోడ లోంచి ఎన్ని వాట్ల వేడి దూరుతుందో చెప్పే అంకెని ఇంజినీర్లు యూ విలువ అంటారు. ఎంత తక్కువైతే అంత మేలు. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకి అది సుమారు 2. ఎనిమిదంగుళాల తేలిక ఏఏసీ దిమ్మెల గోడకి ముప్పావు. ఐసీఎఫ్ గోడకి పావు, లేదా అంతకి కాస్త ఎక్కువ. ఉత్త ఆరంగుళాల కాంక్రీటు గోడకి దాదాపు 4. అంటే ఐసీఎఫ్ గోడ ఇటుక గోడ కంటే ఏడెనిమిది రెట్లు మేలు, ఉత్త కాంక్రీటు కంటే పన్నెండు పద్నాలుగు రెట్లు మేలు.

ఉత్త కాంక్రీటు ప్రస్తావన ఊరికే తేలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే పేదల ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో లక్షల సంఖ్యలో మొదలైనప్పుడు ఎంచుకున్నది షీర్‌వాల్ పద్ధతి. అల్యూమినియం ఫారాలు నిలబెట్టి గోడలూ స్లాబూ కలిపి పోసేయడం. పని వేగం, బలం, సాపు, అన్నీ బాగున్నాయి. ఎండ విషయంలో మాత్రం అది తొమ్మిదంగుళాల ఇటుక గోడ కంటే ఒక మెట్టు కింద. ఐసీఎఫ్ చేసేదీ ఫారాల మధ్య కాంక్రీటు పోసే పనే, కాకపోతే ఫారాన్ని ఊడదీసి పక్క ఇంటికి తీసుకుపోకుండా అక్కడే వదిలేస్తుంది. పేదల ఇళ్ల కాంట్రాక్టులో ఎప్పుడూ గెలిచేది మళ్లీ మళ్లీ వాడుకోగలిగిన అల్యూమినియమే.

దేశంలో ఇలాంటి గోడల్ని పరీక్షించే ప్రయత్నాలు జరగకపోలేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ ప్రపంచవ్యాప్తంగా పద్ధతుల్ని పిలిచి 54 సాంకేతికతల్ని జాబితాలో చేర్చింది. 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్‌హౌస్ ప్రాజెక్టులకి శంకుస్థాపన జరిగింది. లక్నోలో 1,040 ఇళ్లకి అక్కడే ఉండిపోయే ఫారాలు వాడారు, అయితే అవి పీవీసీవి. అంతకుముందు అదే లక్నో శివారు ఔరంగాబాద్ జాగీర్‌లో ఆ శాఖ కిందే పనిచేసే బీఎంటీపీసీ సంస్థ 40 నమూనా ఇళ్లు కట్టించింది. రెండు థర్మోకోల్ పొరల మధ్య కాంక్రీటు పోసే గోడలు అవి, మన ప్రశ్నకి అతి దగ్గర బంధువులు. తెలుగు నేల మీద అదే సంస్థ నెల్లూరులో జిప్సం ప్యానెళ్లతో 36 ఇళ్లూ, హైదరాబాద్ చిత్రపురి కాలనీలో ఉక్కు జాలీ ఫారాలతో 32 ఇళ్లూ కట్టించింది. థర్మోకోల్ ఫారం ఇల్లు మాత్రం తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పథకంగా ఊళ్లోకి రాలేదు.

వస్తే ఏ ఊరికి రావాలి? ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. ఇంటికి 5 లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు. బేస్‌మెంట్‌కి లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబు పడ్డాక లక్షా డెబ్బై ఐదు వేలు, చివర్లో లక్ష అన్నది మొదట ప్రకటించిన విడతల లెక్క. 2025 సెప్టెంబరులో చంద్రుగొండ మండలం బెండాలపాడులో గృహప్రవేశాలు జరిగాయి. కాబట్టి ఈ ప్రాంతంలో ఏ కొత్త గోడనైనా ఆ 400 అడుగుల ఇంటికి తూచి చూడాల్సిందే.

ఇరవై అడుగులకి ఇరవై అడుగుల ఇల్లు అనుకుందాం. బయటి గోడల చుట్టుకొలత 80 అడుగులు, ఎత్తు పది. తలుపులూ కిటికీలూ తీసేస్తే 700 చదరపు అడుగుల గోడ, అంటే 65 చదరపు మీటర్లు. ఐసీఎఫ్‌కి ఆరంగుళాల మందాన దాదాపు పది ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, తక్కువలో తక్కువ 65 బస్తాల సిమెంటు. ఇనుము వేరే. అదే తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే ఏడున్నర వేల ఇటుకలు, పేర్పు మాలుకి ఇరవై బస్తాల లోపు సిమెంటు. ప్లాస్టరింగ్ ఎలాగూ రెండిటికీ తప్పదు. అంటే థర్మోకోల్ ఫారాల వెల కలపకముందే, ఒక్క సిమెంటులోనే 45 బస్తాల తేడా. గోడల విడత సొమ్ములో ఆ తేడా ఎక్కడ ఇముడుతుందో లబ్ధిదారుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రవాణా ఇంకో తమాషా. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే. హైదరాబాద్ నుంచి భద్రాచలం మూడొందల కిలోమీటర్లు. లారీ నిండుతుంది గానీ బరువు ఉండదు, కిరాయి మాత్రం పూర్తి లారీదే. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపో, ఇటు గుండాల, ఆళ్లపల్లి వైపో పోయే కొద్దీ ఆ గాలి ఖరీదు పెరుగుతూ పోతుంది. ట్రాక్టర్ ట్రక్కులో వేస్తే ఈదురుగాలికి ఎగిరిపోకుండా తాళ్లు బిగించాలి.

ఇక పోత. ఇది దగ్గరగా చూడాల్సిన పని. గోడ నిలబెట్టాక అది కాంక్రీటు వచ్చేదాకా తూనీగ రెక్కంత తేలిక, కాబట్టి లోపలివైపు ఇనుప ఊతాలు వరుసగా బిగించి గుండు వేసి నిలువు చూసుకోవాలి. కాంక్రీటుని ఒక్కసారిగా పైదాకా నింపకూడదు. చుట్టూ తిరుగుతూ గంటకి నాలుగడుగుల చొప్పున పొరలుగా పోయాలి. పచ్చి కాంక్రీటు నీళ్లకంటే రెండింతలకి పైగా బరువు, అడుగున ఉన్న థర్మోకోల్ మీద పక్కలకి తోస్తుంది. తొందరపడితే ఎక్కడో ఒక దిమ్మె పొట్ట ఉబ్బి పగులుతుంది, కాంక్రీటు నేల మీదికి జారుతుంది. భయపడి నెమ్మదిగా పోస్తూ, వైబ్రేటర్ సరిగా దించకపోతే లోపల గుల్లలు ఉండిపోతాయి. మామూలు సెంట్రింగ్ అయితే మర్నాడో మూడోనాడో విప్పినప్పుడు ఆ గుల్ల కంటికి కనబడుతుంది, మేస్త్రిని నిలదీయొచ్చు. ఇక్కడ థర్మోకోల్ దాన్ని జీవితాంతం దాచిపెడుతుంది.

ఆ దాపరికాన్ని తేలిగ్గా తీసుకోలేం. 2025 మార్చి 26న భద్రాచలం పట్టణంలో కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. అది ఐసీఎఫ్ భవనం కాదు, మామూలు పిల్లర్లూ స్లాబులూ ఉన్నదే. కళ్లముందు కనబడే కాంక్రీటునే పట్టించుకునేవాళ్లు లేని చోట, కనబడని కాంక్రీటుని ఎవరు చూస్తారు?

ఒక మంచి కూడా చెప్పాలి. బయటి వేడి 40 డిగ్రీలు దాటితే అది ఎండాకాలపు కాంక్రీటు, ప్రత్యేక జాగ్రత్తలు కావాలి అంటుంది భారతీయ ప్రమాణం ఐఎస్ 7861. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా అదే పరిస్థితి. ఇళ్లు కట్టేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. పొద్దున పోసిన కాంక్రీటు మధ్యాహ్నానికి ఎండి పగుళ్లు తేలుతుంది, తడపడానికి నీళ్లుండవు. ఐసీఎఫ్‌లో రెండువైపులా నురగ ఉండటంతో కాంక్రీటులోని నీరు ఆవిరైపోదు, తడపకుండానే పదును పడుతుంది. బోరు ఎండిపోయిన ఊళ్లో ఇది చిన్న లాభం కాదు.

బలం సంగతి. ఈ ప్రాంతంలో దాని అవసరం లేదనుకోవడం మతిమరుపు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. దక్షిణాదిలో నమోదైన పెద్ద భూకంపాల్లో అదొకటి. 2024 డిసెంబరు 4న ములుగు అడవిలో 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఖమ్మం, కొత్తగూడెం జనం వీధుల్లోకి వచ్చారు. గోదావరి లోయ అడుగున పగుళ్లున్న నేల ఇది. 2016 నాటి ఐఎస్ 1893 పటం భద్రాచలాన్ని మూడో భూకంప మండలంలో పెట్టింది. చువ్వలు వేసిన కాంక్రీటు గోడ ఆ కుదుపుకి హాయిగా తట్టుకుంటుంది. కానీ ఒక అంతస్తు ఇంటికి అంత బలం అక్కర్లేదు. బేస్‌మెంట్ దగ్గర ఒకటి, లింటెల్ దగ్గర ఒకటి, స్లాబు కింద ఒకటి చొప్పున ఇల్లంతా చుట్టి వచ్చే కాంక్రీటు బెల్టులు, మూలల్లో నిలువు చువ్వలు ఉంటే ఇటుక ఇల్లు కూడా ఆ కుదుపుని దాటేస్తుంది. ఊళ్లలో చాలా ఇళ్లకి లింటెల్ అంటే తలుపు మీద ముక్క మాత్రమే. ఆ ముక్కని ఇల్లంతా చుట్టించడానికి అయ్యే ఖర్చు ఐసీఎఫ్ ముందు లెక్కలోకి రాదు.

గోదావరి లెక్క వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకి లేచింది. 2022 జూలై 16న 71.3 అడుగులకి. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఒడ్డు కాలనీల్లో ఇళ్ల పైకప్పుల దాకా వచ్చింది. వరదలో ఇల్లు కూలే తీరు చాలామంది అనుకునేలా ఉండదు. నీళ్లున్నప్పుడు నిలబడిన మట్టి గోడ, నీళ్లు తీశాక రెండు మూడు రోజులకి తడి బరువుకి తనంతట తనే ఒరిగిపోతుంది. మనుషులు తిరిగొచ్చి సామాను సర్దుకునే వేళ అది. ఐసీఎఫ్ గోడకి ఆ ప్రమాదం లేదు. కాంక్రీటు కరగదు, థర్మోకోల్ నీళ్లు పెద్దగా పీల్చదు. అయితే నురగ మీది ప్లాస్టరింగ్ సంగతి అలా కాదు. అతుకు ఊడితే వెనక బురద చేరి వాసన పట్టుకుంటుంది, అది కడగాలంటే పొర మొత్తం చీల్చాలి. గోడ ఎంత మేలైనదైనా మంచాలూ బియ్యమూ పుస్తకాలూ ఎలాగూ నీళ్లపాలే. మెట్ట మీదికి జరగడం, బేస్‌మెంట్‌ని ఎత్తుగా లేపడం తప్ప వరదకి గోడలో విరుగుడు లేదు.

ఐసీఎఫ్ ప్రచారపత్రాలు మౌనంగా దాటేసే ప్రాణి ఒకటుంది, చెద. అడవి అంచు ఊళ్లలో పుట్టలు ఇంటి పెరట్లోనే లేస్తాయి. థర్మోకోల్ చెదలకి తిండి కాదు, నిజమే. కానీ అందులోంచి సొరంగం తవ్వడం వాటికి మట్టిలో తవ్వినంత సులువు. నేలలోంచి నురగలోకి, నురగలోంచి పైన ద్వారబంధానికి, అటక చెక్కలకి, ఎవరి కంటా పడకుండా పోతాయి. ఇటుక గోడ మీద అయితే మట్టి దారి కనబడుతుంది, చీపురుతో గీకేసి మందు కొడతారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది పెద్ద తలనొప్పి అయ్యాకే అక్కడి గృహనిర్మాణ నియమావళి, చెదలు విపరీతంగా ఉండే ప్రాంతాల్లో నేలకి కింద నురగ వాడకాన్ని చాలావరకు నిషేధించింది. నేల మీద కూడా మట్టికీ నురగకీ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ కనబడాలంది. మన్యంలో ఆ ఆరంగుళాలు చాలవు. రాతి బేస్‌మెంట్ రెండు మూడడుగులు లేపి, పైన కాంక్రీటు బెల్టు వేసి, ఆ పైనే నురగ మొదలుపెట్టాలి. పునాదిలోనే ఐఎస్ 6313 చెప్పిన చెదల మందు పోయాలి. ఆ తర్వాత కూడా వసారా మెట్లు, పెరటి అరుగు, గోడకి ఆనించిన కట్టెల మోపు చెదలకి వంతెనలు కాకుండా చూసుకోవాలి. కట్టెల మోపు లేని ఇల్లు చర్ల మండలంలో ఎక్కడ చూపిస్తారు?

ఎలుకల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుక ఉంటుంది, ఎలుకకి థర్మోకోల్ కొరకడం సరదా.

నిప్పు ఇంకోటి. థర్మోకోల్ వంద డిగ్రీల దగ్గర మెత్తబడి ముడుచుకుపోతుంది. మంటని అడ్డుకునే రసాయనం కలిపిన రకమే వాడాలి. పాశ్చాత్య నియమావళులు లోపలివైపు నురగని కనీసం పావుగంట సేపు మంట తగలకుండా కాపాడే జిప్సం బోర్డులాంటి పొరతో కప్పి తీరాలంటాయి. కట్టెల పొయ్యి గోడ పక్కనే ఉండే వంటింట్లో అక్కడక్కడ ఊడిన ప్లాస్టరింగ్ అంటే చిన్న విషయం కాదు. దానికి తోడు రోజువారీ అవస్థ ఒకటి. గోడకి మేకు కొడితే నురగ పట్టుకోదు. దండెం, దేవుడి పటం, ఫ్యాను స్విచ్ బోర్డు, గిన్నెల స్టాండు, ఏదైనా సరే లోపలి ప్లాస్టిక్ బద్దీ ఎక్కడుందో వెతికి స్క్రూ బిగించాలి. గోడలో గూడు కావాలంటే పోతకి ముందే అనుకోవాలి. కొడుకు పెళ్లికి ఇంకో గది కలుపుతూ మధ్య గోడకి దారి పెట్టాలంటే కాంక్రీటు కోసే యంత్రం ఖమ్మం నుంచి రావాలి.

ఇవన్నీ పక్కన పెట్టినా, అసలు ఎండ ఎటునుంచి వస్తోందన్న ప్రశ్న మిగిలే ఉంది. భద్రాచలం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద దాదాపు ఎండే పడదు. తూర్పు గోడ పొద్దుటా, పడమటి గోడ సాయంత్రమూ కాగుతాయి. కప్పు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది. రోజు మొత్తం మీద చదరపు మీటరు కప్పు మీద పడే ఎండ, పడమటి గోడ మీద పడేదానికి రెట్టింపు దాకా ఉంటుంది. ఐదంగుళాల ఉత్త స్లాబు యూ విలువ నాలుగుకి అటూ ఇటూ. గోడకి పావు, నెత్తిన నాలుగు పెట్టుకుని పడుకునే ఇంట్లో థర్మోకోల్ గోడల సొమ్ము వృథా. స్లాబు మీద రెండంగుళాల గట్టి నురగ పలకలు పరిచి పైన పెంకో కాంక్రీటో వేస్తే ఆ నాలుగు అరకి కాస్త పైన నిలుస్తుంది. ఇరవై అడుగుల చదరపు ఇంటికి అది 37 చదరపు మీటర్ల పని. గోడలు 65.

ప్రభుత్వాలకి ఈ సంగతి తెలియక కాదు. 2018 డిసెంబరులో వచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత కప్పు యూ విలువ 1.2 దాటకూడదని చెప్పింది. కానీ అది 500 చదరపు మీటర్లూ ఆపైన ఉన్న స్థలాలకి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం నివాసాల్లో 600 గజాలు దాటినవాటికే తప్పనిసరి. ఎండకి ఎక్కువ మాడే ఇళ్లు ఆ రెండు గీతలకీ కిందే ఉన్నాయి.

గోడ లోపలి నురగ గురించి ఇంకో ఇబ్బంది ఉంది. మన ఇళ్లలో కిటికీలు మూసుకుని ఏసీ వేసుకునేవాళ్లు తక్కువ. రాత్రి తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనిస్తారు. అప్పుడు మందపాటి గోడ రాత్రి చల్లబడి, పగటి వేడిని మధ్యాహ్నం దాకా తన కడుపులో దాచుకుని, గదిని కాస్త కాస్తుంది. ఐసీఎఫ్‌లో ఆ బరువైన కాంక్రీటు ఉంది, కానీ గదికీ దానికీ మధ్య రెండున్నర అంగుళాల నురగ అడ్డం. మంచినీళ్ల కుండని బొంతలో చుట్టి దాహం తీర్చుకోమన్నట్టు ఉంటుంది. ఏసీ ఉన్న గదిలో ఆ నురగే కరెంటు బిల్లు తగ్గిస్తుంది. లేని గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే గది అంత వేడిగా ఉంటుంది.

కోయగూడేల పాత ఇంటి తెలివి దీనికి సరిగ్గా వ్యతిరేకం. దుంగల మధ్య వెదురు తడిక అల్లి, రెండువైపులా మట్టి మెత్తి, పేడతో అలికిన గోడ మూడు నాలుగంగుళాలకి మించదు. దాని యూ విలువ కొలిస్తే గొప్పగా ఏమీ రాదు. కానీ గడ్డి కప్పు మందంగా, నడుము వంచి దూరాల్సినంత కిందికి దిగి గోడ మీద ఎండ పడనివ్వదు. గోడకీ కప్పుకీ మధ్య ఖాళీలోంచి పొగా వేడీ బయటికి పోతాయి. భూకంపానికి తడిక ఊగుతుంది గానీ ఎవరి నెత్తినా పడదు. చెద పడితే ఆ వాసం ఒక్కటీ మారుస్తారు. ప్రతి ఏడూ పూత వేయాలన్నది దాని లోపం, వానకీ పాముకీ తేలుకీ లోకువ కావడం మరో లోపం. పక్కా ఇల్లు కోరుకునే కోయ ఆడపడుచుకి ఆ చాకిరీ ఎంతో బాగా తెలుసు. తడిక ఇంటిని మెచ్చుకుంటూ రాసే పట్నం వాళ్లు ఏటా ఆ పూత వేయరు. అందుకే పాత ఇంటికి తిరిగి వెళ్లమనడం కంటే, దాని చూరునీ వసారానీ కొత్త ఇంటికి తెచ్చుకోవడం నయం. పడమటివైపు మూడడుగుల సజ్జ లేదా వసారా వేస్తే ఆ గోడ మీద ఎండ చాలావరకు ఆగిపోతుంది, నురగ అవసరం సగం తీరిపోతుంది.

దగ్గర్లో ఉన్న సరుకు కూడా చూడాలి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం, మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చి బూడిద కుప్పలు పోస్తున్నాయి. ఆ బూడిదలో సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతి తెలుగువాళ్లదే. విశాఖపట్నంలోని ఇన్స్‌వారెబ్ సంస్థ నుంచి భానుమతీదాస్, కాళిదాస్ దాన్ని దేశమంతటా పాకించారు. ఈ ఇటుకల్ని ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన రాట్ ట్రాప్ పేర్పులో, అంటే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలి కడితే, ఇటుక నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి వేడిని కొంత ఆపుతుంది, ఆ బోలులోంచే మూలల్లో నిలువు చువ్వలు దించి కాంక్రీటు నింపొచ్చు. గమనిస్తే ఇది ఐసీఎఫ్ ఆలోచనే, ఇటుక రూపంలో. హైదరాబాద్ రాజేంద్రనగర్ ఎన్ఐఆర్‌డీ ప్రాంగణంలోని గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టి దిమ్మెల ఇళ్ల నమూనాలతో పాటు ఇలాంటివి ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. మేస్త్రీకి ఒకసారి చేత్తో చేసి చూపిస్తే చాలు, ఈ పేర్పు నేర్చుకుంటాడు. ఐసీఎఫ్‌కి పంపూ, ఊతాలూ, కంపెనీ మనిషీ కావాలి.

అడవి లోపలి గూడేలకి ఈ చర్చ వర్తించనే వర్తించదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల ఆవాసాల్లో, నేల అటవీశాఖ లెక్కలో ఉన్నంతకాలం, పక్కా గోడ ఏ రకందైనా గొడవకే దారి. అక్కడ గోడ కంటే ముందు కాగితం తేలాలి.

మరి ఐసీఎఫ్‌కి ఈ నేల మీద చోటే లేదా అంటే, ఉంది. పగలూ రాత్రీ చల్లగా ఉంచాల్సిన మూసిన గదులు ఇక్కడ పెరుగుతున్నాయి. ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలూ మందులూ ఉంచే గది, భద్రాచలం ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు, కరెంటు పోయినా కొన్ని గంటలు చల్లదనం నిలవాల్సిన రక్తనిధి ఇలాంటివే. ఖమ్మం పట్టణంలో నాలుగు గదుల్లోనూ ఏసీ పెట్టుకుని, పడమటికి తిరిగిన స్థలం తప్పక కొనుక్కున్నవాళ్లకీ ఆలోచించదగ్గదే. వాళ్లకి ఇంజినీరు దొరుకుతాడు, పంపు దొరుకుతుంది, చెదల కంపెనీతో ఏటా ఒప్పందం ఉంటుంది. అప్పుడైనా ముందు స్లాబు మీద నురగ, తర్వాత పడమటి, తూర్పు గోడలు, ఆ తర్వాతే మిగతా రెండు.

గిరిజన సంక్షేమ వసతిగృహాల్లో పరీక్షించి చూడటం ఇంకా మంచి పని. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఏటా ఎక్కడో ఒక ఆశ్రమ పాఠశాలకి కొత్త గదులు కడుతూనే ఉంటుంది. ఒకే ప్రాంగణంలో ఒక గదిని బూడిద ఇటుక రాట్ ట్రాప్ గోడతో, ఒకదాన్ని ఏఏసీతో, ఒకదాన్ని ఐసీఎఫ్‌తో కట్టి, మూడిటికీ ఒకే రకం నురగ కప్పు వేసి, నాలుగో గదిని మామూలుగా వదిలేసి, ప్రతి గదిలో వెయ్యి రూపాయల థర్మామీటరు ఒకటి తగిలిస్తే మూడు వేసవుల్లో లెక్క తేలిపోతుంది. చెదలు ఏ గోడ ఎక్కాయో, ఏ గోడకి పిల్లలు ట్రంకుపెట్టెలు కొట్టి ప్లాస్టరింగ్ ఊడగొట్టారో కూడా రాసుకోవాలి.

(థర్మామీటరు స్లాబుకి రెండడుగుల కింద తగిలించాలి, పై మంచం పిల్లవాడు పడుకునేది అక్కడే.)